నీవా దాటినవాడు

మునస్వామి గుర్రం వెనక కాలును తన మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న గులకరాయిని ఇనుప కొక్కెంతో పెకలిస్తున్నాడు. వెనకనుంచి ఎవరో “పెద్దాయనా” అని పిలిచారు. ఆయన పలకలేదు. సగంలో వదిలితే రాయి ఇంకా లోపలికి దిగుతుంది. అది ఊడి నేలమీద పడ్డాక, ఆ చోట బొటనవేలితో అదిమి చూశాడు. గుర్రం కాలు లాక్కోలేదు. అప్పుడు కాలు కిందికి దించి, డెబ్బై నాలుగేళ్ల నడుమును రెండు చేతులతో పట్టుకుని నిటారుగా లేచాడు.

వచ్చినవాడు గిరిప్రసాద్. పక్కనే ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. మునస్వామి కొట్టం ఆ కాలేజీ ప్రహరీగోడకు ఆనుకునే ఉంటుంది. స్థలం కాలేజీ కరస్పాండెంటు దొరస్వామి నాయుడిది. చిత్తూరులో పెండ్లి ఊరేగింపులకు తెల్లగుర్రం కావాలంటే అందరూ వచ్చేది ఈ కొట్టానికే. నాయుడి కూతురి పెండ్లిలో అల్లుడు ఎక్కింది కూడా ఈ గుర్రాన్నే. ఆ మంచితనంతో పదకొండేళ్లుగా ఆయన ఆ స్థలం జోలికి రాలేదు.

“పెద్దాయనా, చిన్నప్పుడు నువ్వు మిలిటరీ గుర్రాల క్యాంపులో ఎవరో దొర దగ్గర పనిచేసినావని అంటావే, ఆయన పేరేమి?”

“పెన్‌మార్ష్ దొర. కేప్టెను. ఏమప్పా?”

గిరిప్రసాద్ ముఖం వెలిగిపోయింది. “అనుకున్నా! ఆయన కూతురు వచ్చిందయ్యా ఇంగ్లండునుంచి. వాళ్ల నాయన జీవితచరిత్ర రాస్తావుంది. యుద్ధం కాలంలో ఆయన చిత్తూరులో ఉన్నాడంట కదా, ఆ సంగతులు తెలిసినవాళ్లు ఎవరన్నా బతికుండారా అని మా కాలేజీకి జాబు రాసింది. రేపు పొద్దున నీ దగ్గరికి పిలుచుకొస్తా. శనివారం కాలేజీలో సభ. నీకు సన్మానం.”

“నాకెందుకప్పా సన్మానం?”

“ఆయన కింద పనిచేసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కడివే కదా!”

మునస్వామి చేతిలోని కొక్కెం కొనను పంచె అంచుతో తుడిచాడు. దొరకు కూతురు పుట్టిన సంగతి ఆయనకు తెలియదు. పెండ్లయినట్టు కూడా తెలియదు. నలభై ఏడులో క్యాంపు ఎత్తేసి గుర్రాలను వేలం వేసిన రోజున, టోపీ చంకలో పెట్టుకుని లారీ ఎక్కుతున్న మనిషి దగ్గరే ఆయన జ్ఞాపకం ఆగిపోయింది. ఇప్పుడు తొంభై ఎనిమిది.

“రానీలే” అన్నాడు.

*

మార్గరెట్‌కు నలభై ఎనిమిదేళ్లుంటాయి. పొడవైన మనిషి. నూలు చొక్కా, ప్యాంటు, ఎండకు కందిన మెడ. కారు దిగి అందరికీ దండం పెట్టింది గానీ, నేరుగా నడిచింది మాత్రం గుర్రం దగ్గరికి. వేళ్లు మడవకుండా అరచెయ్యి చాపి దాని మూతి కింద పెట్టింది. గుర్రం వాసన చూసేదాకా కదలలేదు. ఆ తర్వాతే మెడ మీద చెయ్యి వేసింది. గుర్రాల మధ్య పెరిగిన మనిషేనని మునస్వామి మనసులో అనుకున్నాడు. కొట్టం ముందు మల్లెమొగ్గలు కడుతున్న ఆయన కూతురు వసంతమ్మ లేచి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి ఆమెకు వేసింది.

మార్గరెట్ సంచిలోనుంచి ఫొటోలు తీసింది. గిరిప్రసాద్ ఒక్కొక్కటే చూపిస్తూ తెలుగులో చెప్పాడు. ఇది దొర పుట్టిన ఇల్లు, నలభై గదులు. తండ్రి లార్డు, ఈయన మూడో కొడుకు. ఆరేళ్లకే గుర్రమెక్కినాడు. ఇరవై ఏళ్లకు అశ్వికదళంలో చేరినాడు. ఇది మీరట్‌లో పోలో ఆట. ఇది కత్తి దూసి గౌరవవందనం చేస్తున్నప్పటిది. రిటైరయ్యాక సొంత ఊరిలో గుర్రాలు పెంచి, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో పోయినాడు.

మునస్వామి కత్తి దూసిన ఫొటోను చేతిలోకి తీసుకున్నాడు. సన్నని మీసం, పైకెత్తిన గడ్డం. ఆ బూట్లు ఆయనకు తెలుసు. సాయంత్రం పూట వాటిని ఊడదీసేది తానే. ఎడమ మడమ మీద ఆనెకాయ ఉండేది. బూటు లాగేటప్పుడు దొర పళ్లు బిగబట్టి పిట్టలాగా ఈల వేసేవాడు. కాలు విరిగిన గుర్రాన్ని కాల్చేయాల్సివచ్చిన ఒకనాడు, ఆ దొరే లాయం వెనక నిలబడి చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

“ఈయన్ను నేనెరుగుదును” అన్నాడు మునస్వామి మెల్లగా.

మార్గరెట్ ఒక పాత పేపరు ముక్క తీసింది. గిరిప్రసాద్ గొంతు సవరించుకుని దాన్ని తెలుగులో చదివాడు. పందొమ్మిది వందల నలభై మూడు నవంబరులో నీవా నది పొంగింది. ఎగువన చెరువు కట్ట తెగబోతున్నదని కబురు అందగానే, కేప్టెన్ పెన్‌మార్ష్ ఒంటరిగా గుర్రం మీద వరద దాటి, అవతలి గట్టున ఉన్న కొత్తమిట్ట ప్రజలనందరినీ కాపాడినాడు. ఆయన ధైర్యానికి ప్రభుత్వం పతకం ఇచ్చింది.

“పుస్తకానికి గుండెకాయ ఈ అధ్యాయమే అంటోంది. ఆ రోజు నువ్వు ఆడ ఉంటివా, నీ కండ్లతో ఏం చూసినావు అని అడుగుతోంది.”

మునస్వామి ఫొటోను జాగ్రత్తగా ఆమె ఒడిలో పెట్టాడు.

“సెప్పప్పా ఆమెకు. ఏరు దాటింది దొర గాదు. ఆయన దిగినాడు, మళ్లీ ఎనక్కి వచ్చినాడు. దాటింది నేను. ఆ గుర్రం మీద పోయింది నేను.”

మల్లెల దగ్గర వసంతమ్మ చేతిలో దారం ఆగింది. మార్గరెట్ ఆత్రంగా ఒకరి ముఖంనుంచి ఇంకొకరి ముఖానికి చూసింది. అంతలో గిరిప్రసాద్ నవ్వు తెచ్చుకుని ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టాడు. చాలాసేపే మాట్లాడాడు. మునస్వామి చెప్పింది నాలుగు మాటలు.

వింటూ వింటూ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవుల మీదికి నవ్వు వచ్చింది. ముందుకు వంగి మునస్వామి కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది.

మునస్వామికి క్యాంపు ఇంగ్లీషు ముప్పై మాటలు వచ్చు. నిలుపు, నడిపించు, కడుగు, బాగుంది, బాగాలేదు. ఆ మాటల్లో ఒకటో రెండో చెవిన పడ్డాయి. కానీ ఆయనకు అర్థమైంది వాటివల్ల కాదు. నీ నాయన వెనక్కి తిరిగి వచ్చినాడని విన్న కూతురు అట్లా నవ్వదు.

ఆమె మళ్లీ గుర్రం దగ్గరికి వెళ్లినప్పుడు మునస్వామి గిరిప్రసాద్ మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏం సెప్పినావప్పా?”

“నువ్వు చెప్పిందే.”

“నేను సెప్పింది సెప్పుంటే ఆమె నా సెయ్యి పట్టుకోదు.”

గిరిప్రసాద్ గొంతు తగ్గించాడు. “పెద్దాయనా, అంత దూరంనుంచి వచ్చిన మనిషి. చచ్చిపోయిన నాయన గురించి కూతురి ముందర అట్లాంటి మాట ఎట్ల అనేది? దొర ఏట్లోకి దిగతావుంటే గట్టుమీద నిలబడి ఏడ్చినానని నువ్వు చెప్పినట్టు ఆమెకు చెప్పినా. నీకేం నష్టం? ఆమెకు సంతోషం. మా లైబ్రరీకి పుస్తకాలు పంపిస్తానంటోంది. యాభై ఐదేండ్ల కిందటి నీళ్లు అవి. ఎప్పుడో సముద్రంలో కలిసినాయి.”

కారు వెళ్లిపోయింది. మునస్వామి ఆమె నొక్కిన చెయ్యిని బకెట్లోని నీళ్లలో ముంచి కడుక్కున్నాడు.

*

మరునాడు పొద్దున ఆయన గుర్రానికి మాలీషు చేస్తూ ఉంటే వసంతమ్మ కొట్టంలోకి వచ్చింది. కాఫీ గ్లాసు గోడమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

“నిజమేనా నాయనా, నిన్న నువ్వు సెప్పింది?”

“నేనెప్పుడన్నా అబద్ధం సెప్పినానా నీతో?”

“అబద్ధం సెప్పలేదు. అసలుకే సెప్పలేదు గదా. అమ్మకన్నా తెలుసునా?”

“తెలీదు.”

ఆయన ఒళ్లు రుద్దే పీచును గుర్రం మెడనుంచి భుజానికి, భుజంనుంచి కాలికి లాగుతున్నాడు. ఒక్కో లాగుకు దుమ్ము లేచి ఎండలో తేలుతోంది.

“ఇన్నేండ్లు పెండ్లానికి సెప్పలేదు, బిడ్డకు సెప్పలేదు. ఇప్పుడు ఆ తెల్లామెకు సెప్పి ఏం సాధిస్తావు? రేపు సభలో ఆ శాలువా కప్పించుకుని వచ్చేయ్. నాలుగూర్లోళ్లు సూస్తారు. నాయుడుగారు సూస్తాడు. ఈ కొట్టం ఆయన నోటిమాట మీద నిలబడుండాది, మరిసిపోవద్దు.”

“మరవలేదు.”

“మరి?”

మునస్వామి పీచును విదిలించాడు. “ఇన్నేండ్లు నేను నోరు మూసుకోనుంటిని. అది నా నోరు. తెరిసేదీ మూసేదీ నా ఇష్టం. నిన్న ఆ పంతులు నా నోట్లో వాడి మాట పెట్టినాడు సూడు. నేను గట్టు మీద నిలబడి ఏడ్సినానంట. నీళ్లల్లో గుర్రం మెడ కరుసుకోని నేను సస్తావుంటే, గట్టు మీద ఏడ్సినానంట! అది నేను మింగలేను పాపా.”

నాయన గొంతు అంతగా పైకి లేవడం వసంతమ్మ ఎప్పుడో చిన్నప్పుడు విన్నది. కాఫీ గ్లాసు తీసి ఆయన చేతికిచ్చింది.

మధ్యాహ్నం గిరిప్రసాద్ ఒక కాగితం తెచ్చాడు. గుండ్రటి అక్షరాలతో తెలుగులో అయిదు వాక్యాలు. మునస్వామి అద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. దొరవారు నన్ను కన్నబిడ్డలా చూసుకున్నారు. వారి ఉప్పు తిన్నాను. వారు వరదలో దూకిన నాడు నా కండ్లారా చూశాను.

“ఇదొక్కటి చదివి కూర్చుంటే చాలు” అన్నాడు గిరిప్రసాద్. “చదవలేకపోతే నేనే చదివేస్తా, నువ్వు చేతులు జోడించు. కరస్పాండెంటుగారు ఈ సభను చాలా పట్టుదలగా పెట్టుకున్నారు పెద్దాయనా. కలెక్టరాఫీసునుంచి కూడా వస్తున్నారు. ఈ కొట్టం ఉన్నచోట సైకిల్ స్టాండు కట్టాలని నాయుడుగారు ఎప్పటినుంచో అనుకుంటున్నారు, తెలుసు కదా? నీ మొహం చూసే ఆగింది.”

మునస్వామి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఆయన చేతికిచ్చాడు.

“వస్తానప్పా సభకు. కాయితం అక్కర్లేదు. నా మాటలు నాకు గుర్తుండాయి.”

గిరిప్రసాద్ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, గుర్రం వీపు తట్టబోయి, అది చెవులు వెనక్కి పెట్టడం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

*

శనివారం పదకొండు గంటలకు కాలేజీ హాలు నిండిపోయింది. ముందు వరుసలో పెద్దమనుషులు, వెనక నాలుగు వందలమంది విద్యార్థులు. వేదిక మీద పెన్‌మార్ష్ దొర ఫొటో పెద్దది చేయించి పూలమాల వేశారు. మునస్వామి ఉతికిన పంచె, తెల్లచొక్కా వేసుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. వసంతమ్మ తలుపు దగ్గర నిలబడింది.

దొరస్వామి నాయుడు మాట్లాడాడు. ప్రిన్సిపాల్ మాట్లాడాడు. మార్గరెట్ లేచి, తన తండ్రి చిత్తూరును తలవని రోజు లేదని, ఆ వరద గురించి మాత్రం ఎంత అడిగినా ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదని చెప్పింది. అది వీరుల వినయం అన్నది. గిరిప్రసాద్ తెలుగులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మునస్వామికి శాలువా కప్పి, చేతిలో చెక్క షీల్డు పెట్టారు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ‘కేప్టెన్ పెన్‌మార్ష్ నమ్మిన బంటు మునస్వామికి.’ షీల్డును మేజామీద పడుకోబెట్టి మైకు దగ్గరికి వచ్చాడు.

“నా పేరు మునస్వామి. గుర్రాల క్యాంపులో గుర్రాలు కడిగేవాణ్ణి, మాలీసు సేసేవాణ్ణి. పెన్‌మార్ష్ దొర మంచోడు. మమ్మల్ని ఎప్పుడూ కొట్టలేదు. గుర్రం మీద కూసునేది నాకు నేర్పింది ఆయనే. ఈపు నిలువుగా పెట్టు, సేతులు మెత్తగా పెట్టు అని ఆయనే నేర్పినాడు. అది అబద్ధం గాదు.”

గిరిప్రసాద్ దాన్ని ఇంగ్లీషులో ఇంకొంచెం తీపి చేసి చెప్పాడు. మార్గరెట్ తల ఊపింది. మళ్లీ చప్పట్లు.

“ఆ పొద్దు మూడు దినాలుగా వాన. నీవా రెండు గట్లూ నిండి పారతావుండాది. పైన సెరువుకు కాపలా ఉండే నీరుగంటోడు పరిగెత్తుకుంటా మా క్యాంపుకొచ్చి, కట్ట తెగిపోతాది, అవతల కొత్తమిట్ట కొట్టుకోని పోతాదని సెప్పినాడు. నలభై గుడిసెలు ఆడ. వాళ్లకు తెలీదు. దొర గుర్రమెక్కి నీళ్లల్లో దిగినాడు. కడుపు దాకా నీళ్లు వచ్చినాక ఎనక్కి తిప్పినాడు. మళ్లీ దిగినాడు. మళ్లీ తిప్పినాడు. అప్పుడు గుర్రం దిగి గట్టు మీద కూసున్నాడు.”

ముందు వరుసలో ఎవరో దగ్గారు. గిరిప్రసాద్ నుదురు తుడుచుకుని మైకు అందుకున్నాడు. కేప్టెన్‌ను వరద రెండుసార్లు వెనక్కి నెట్టింది, అయినా ఆ సాహసి మూడోసారి ముందుకు దూకినాడు అని ఇంగ్లీషులో అన్నాడు.

వెనకనుంచి ఒక గొంతు లేచింది. “సార్, ఆయన అట్ల చెప్పలేదు!”

“గట్టు మీద కూసున్నాడని చెప్పినాడు సార్!” అని ఇంకోటి. నవ్వులు మొదలయ్యాయి. ఆ నవ్వులు గిరిప్రసాద్ మీద. నాయుడు లేచి చెయ్యెత్తి “సైలెన్స్” అన్నాడు. మార్గరెట్ కుర్చీలో ముందుకు జరిగి, ఏమైందని గిరిప్రసాద్‌ను అడిగింది. ఆయన ఏదో సర్ది చెప్పబోయాడు. ఆమె వినలేదు. లేచి నిలబడి, హాలు వైపు తిరిగి, మునస్వామి ఏమన్నాడో నాకు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని గట్టిగా అడిగింది.

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచింది. భానుశ్రీ. రెండో సంవత్సరం బి.ఏ. చదువుతోంది. గిరిప్రసాద్ శిష్యురాలే.

“కూర్చో భానుశ్రీ” అన్నాడు గిరిప్రసాద్.

“మీరే చెప్పినారు కదా సార్, అనువాదంలో మన సొంత మాటలు కలపకూడదని.”

ఆమె వేదిక ఎక్కింది. మునస్వామి చెప్పిన ప్రతి మాటనూ, గట్టు మీద కూర్చున్న మాటతో సహా, వరసగా చెప్పింది. మధ్యలో ఒక మాట తోచక ఆగిపోయి, మళ్లీ దొరకబుచ్చుకుని చెప్పింది. మార్గరెట్ ముఖంలో రంగు తగ్గుతూ వచ్చింది. చివర ఆమె మునస్వామి వైపు తిరిగి, చెప్పు అన్నట్టు చెయ్యి చూపించింది.

“ఆయన సేతిలోనుంచి ఆ ఎర్రగుర్రం కళ్లెం నేను లాక్కున్నా. అడగలా. ఎక్కినా. నాకు పందొమ్మిదేండ్లు. నడిమద్దెలో గుర్రానికి కాళ్లు అందలా. ఈత కొట్టింది. నేను జీను మీదినుంచి జారిపోతే జూలు పట్టుకోని ఏలాడినా. అర్ధ మైలు కిందికి కొట్టుకపోయి గట్టెక్కినాము. కొత్తమిట్టలో అరిసి అరిసి అందర్నీ గుట్టమీదికి తరిమినా. పేపర్లో అందురూ బతికినారని రాసినారంట. తప్పు. మునెమ్మని ఒక ముసిలామె, మేకను ఇడిసిపెట్టి రానని తిరిగి పోయింది. ఆమె బతకలా. ఆ సంగతి ఎవురన్నా ఎట్ల రాస్తారు? రాసినాయన ఆడికి పోలేదు గదా.”

భానుశ్రీ చెబుతూ ఉంటే ఆయన ఆగాడు. తన మాటలు ఇంకో భాషలో తనకన్నా ముందుకు పోతున్నట్టు అనిపించింది. ఆ అమ్మాయి ఆగాక మళ్లీ మొదలుపెట్టాడు.

“తెల్లారి దొర నన్ను గుడారంలోకి పిలిసినాడు. వచ్చీరాని తెలుగులో సెప్పినాడు. పైనోళ్లకు తెలిస్తే, సెలవు లేకుండా సర్కారు గుర్రాన్ని తోలుకపోయినందుకు నీకు జైలు పడతాది, అందుకని పోయింది నేనేనని రాస్తా, నీ మంచికే అన్నాడు. నమ్మినా. ఆయనకు పతకమొచ్చినాక గూడా నమ్మినా. ఎప్పుడు నమ్మేది మానుకున్నానో నాకే తెలీదు. ఇంతే. నాకు ఎవురి పతకమూ వద్దు. నేను ఏడ్సుకుంటా గట్టు మీద నిలబడినానని మాత్రం ఎవురూ రాయొద్దు.”

ఈసారి చప్పట్లు లేవు. నాయుడు మేజా మీద వేళ్లతో కొడుతూ పైకప్పు వైపు చూస్తున్నాడు. మార్గరెట్ వేదిక మధ్యకు నడిచి వచ్చి, మునస్వామికి ఎదురుగా నిలబడి ఒక ప్రశ్న అడిగింది. భానుశ్రీ మునస్వామి వైపు తిరిగింది.

“తాతా, వాళ్ల నాయన భయపడినాడా అని అడుగుతోంది.”

మునస్వామి ఆమె కళ్లలోకి చూశాడు. లేదని ఒక్క మాట అంటే చాలు. హాలంతా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టుంది.

“భయపడినాడు. నేనూ భయపడినా. గుర్రమూ భయపడింది. భయపడింది తప్పు గాదని సెప్పు పాపా. తెల్లారి రాసింది తప్పు.”

భానుశ్రీ చెప్పింది. మార్గరెట్ కదలకుండా విన్నది. మునస్వామి శాలువా తీసి మడిచి షీల్డు పక్కన పెట్టాడు. మెట్లు దిగి, వరుసల మధ్యగా నడిచాడు. ఒక వరుసలో ఎవరో విద్యార్థి లేచి దారి ఇచ్చాడు. వాడి పక్కవాడూ లేచాడు. తలుపు చేరేసరికి వెనక కూర్చున్నవాళ్లందరూ నిలబడి ఉన్నారు. వసంతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, నాయనకు చెప్పులు అందించింది.

*

ఆదివారం ఎనిమిది గంటలకే కాలేజీ వాచ్‌మన్ వెంకటముని వచ్చాడు. కొట్టం బయటే నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

“సైకిల్ స్టాండుకు రేపు పునాది తీస్తారంట మామా. ఈ పొద్దు పొద్దుగూకే లోపల ఖాళీ చెయ్యమని నాయుడుగారు...”

మునస్వామి నోరు తెరవక ముందే వసంతమ్మ బయటికి వచ్చింది. తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. చేతిలో కొడవలి.

“పొద్దుగూకే దాకా ఏల? మధ్యాన్నానికే ఖాళీ అయితాది. గ్రీమ్స్‌పేటలో సిద్ధమ్మోళ్ల గొడ్లకొట్టం ఖాళీగా ఉండాదని నిన్న సాయంత్రమే పోయి అడిగొచ్చినా. ఆ మాట సెప్పు మీ నాయుడికి. నిన్న మా నాయన మాట్లాడింది గూడా మొత్తం మళ్లా సెప్పు, మరిసిపోయుంటాడు.”

వెంకటముని తలవంచుకుని నవ్వు దాచుకున్నాడు. వెళ్లబోయినవాడు ఆగి, చొక్కా విప్పి గోడమీద వేసి, పైకప్పు తడికను ఒక కొసన పట్టుకున్నాడు. ఆమె కట్లు కోసింది. ఇద్దరూ కలిసి తడికను కిందికి దించారు. పదకొండేళ్ల తర్వాత ఆ చోట ఎండ నేరుగా గుర్రం వీపు మీద పడింది. అది ఒళ్లు విదిలించి చెవులు నిక్కబొడుచుకుంది.

ఆటో వచ్చి ఆగింది. మార్గరెట్, భానుశ్రీ దిగారు. గిరిప్రసాద్ లేడు. మార్గరెట్ కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఊడదీసిన తడికను, మూటగట్టిన సామాన్లను చూసి, ఏమిటిదని భానుశ్రీని అడిగింది. జవాబు విన్నాక కాలేజీ గోడ వైపు తిరిగింది. నాయుడితో మాట్లాడతానని ఆమె అన్నదట. భానుశ్రీ చెప్పగానే మునస్వామి చెయ్యి అడ్డంగా ఊపాడు.

“వద్దను. ఆమె మాట మీద నిలబడే కొట్టం నాకొద్దు.”

కుర్చీ కూడా మూటల్లోకి వెళ్లిపోయింది. మార్గరెట్ గడ్డిమోపు మీద కూర్చుంది. తల వంచుకుని మెల్లగా మాట్లాడింది. భానుశ్రీ ఆగి ఆగి తెలుగులో చెప్పింది.

“నిన్న మీ మీద చాలా కోపం వచ్చిందంట తాతా. అబద్ధం చెప్తున్నారని కూడా అనుకున్నదంట. మళ్లీ ఆలోచించిందంట. వాళ్ల నాయన ఆ పతకాన్ని ఇంట్లో ఎప్పుడూ గోడకు పెట్టనీయలేదంట. వినయం అనుకునేవాళ్లంట. ఇప్పుడు వినయం అనుకోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదంట.”

మార్గరెట్ ఇంకొన్ని మాటలు చెప్పింది.

“పుస్తకం అచ్చు కావాలంటే వాళ్ల అన్నదమ్ములు కూడా ఒప్పుకోవాలంట. వాళ్లు ఒప్పుకుంటారో లేదో మాట ఇవ్వలేనంటోంది. కానీ తాను రాసేది మాత్రం మీరు చెప్పినట్టే రాస్తుందంట. మొదటినుంచి, నిదానంగా, మళ్లీ చెప్తారా అని అడుగుతోంది.”

“అచ్చు ఏసేది ఏయంది వాళ్ల ఇంటి యవ్వారం” అన్నాడు మునస్వామి. “సెప్పేది నా యవ్వారం. సెప్తా.”

ఆయన గుర్రానికి కళ్లెం తొడిగి, కొస వసంతమ్మ చేతికిచ్చాడు. చేతులు దులుపుకుని మార్గరెట్‌కు ఎదురుగా, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. వీపు నిలువుగా ఉంది. ఆమె నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, మొదట ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు అడిగింది. భానుశ్రీ ఒక్కో ఇంగ్లీషు అక్షరమూ పలికింది. మార్గరెట్ రాసింది. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోమన్నట్టు పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది. ఆ అక్షరాలు ఆయనకు రావు. అయినా వంగి, ఆ వరుసను ఒక కొసనుంచి ఇంకో కొస దాకా చూశాడు.

“ఇప్పుడు గుర్రం పేరు రాసుకోమను పాపా.”

భానుశ్రీ అడిగింది. “గుర్రం పేరు తెలుసంట తాతా. సుల్తాన్. వాళ్ల ఇంట్లో కాగితాల్లో ఉందంట.”

“అది దొర పెట్టిన పేరు. ఆ పేరుకు అది ఎప్పుడూ పలకలా. ఆ పొద్దు ఏటి నడుమ, నీళ్లు నోట్లోకి పోతావుంటే, నేను పిలిసింది ఇంకో పేరు. దానికే అది తల ఎత్తి ముందుకు ఈదింది.” ఆయన నోటుపుస్తకం మీద వేలు పెట్టి, తన పేరు కింద ఖాళీగా ఉన్న చోటు చూపించాడు. “ఈడ రాసుకోమను. ఎర్రోడు.”